చింతపండుతో తోమిన జపాన్ కత్తి

పోయిన నెల బార్కా నుంచి మామా హైదరాబాద్ వచ్చింది. ఒమన్‌లో ఇంటి యజమానురాలిని పనివాళ్ళం మామా అనే పిలుస్తాం, అమ్మా అన్నట్టుగా. వయసులో ఉన్నప్పుడు నేను ఆమె భర్త సాలిం దగ్గర డ్రైవర్‌ని. ఆయన నిరుడు పోయాడు. ఇప్పుడు ఈమె రెండు మోకాళ్ళూ మార్పించుకోవడానికి కొడుకు బద్ర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. నేను చూడబోయేసరికి ఆపరేషన్ అయిపోయి గదిలో ఉంది. వాళ్ళు ఎక్కడికి పోయినా ఇల్లు మోసుకుపోయే రకం. కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, మట్టి ధూపపాత్ర అన్నీ ఆ గదిలోకి చేరాయి. ముందురోజు సాంబ్రాణి వేస్తే పొగకు అలారం మోగి, ఆ అంతస్తులో ఉన్న రోగులంతా కట్లతో సహా వరండాలోకి వచ్చేశారట. ధూపపాత్రను సిస్టర్ జప్తు చేసింది. మామా ఆ సిస్టర్ కనబడినప్పుడల్లా మొహం అటు తిప్పుకుంటోంది.

నేను బడికి దింపిన రోజుల్లో బద్ర్‌కు ముక్కు చీదుకోవడం కూడా వచ్చేది కాదు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది. కాఫీ అయ్యాక ఫోన్ తీసి వాళ్ళ నాన్న కత్తుల ఫోటోలు చూపించాడు. అన్నీ పాత జపాన్ కత్తులు. ఏది ఉంచుకోవాలో, ఏది అమ్మాలో చెప్పమన్నాడు. నాన్న తర్వాత వాటి సంగతి తెలిసింది నీకే అన్నాడు. నేను పొంగిపోయి కళ్ళజోడు పెట్టుకున్నాను. నిజానికి ఫోటోలో కత్తి విలువ కట్టడమంటే ఫోటో చూసి బిర్యానీలో ఉప్పు చెప్పడమే. అయినా ఇప్పుడు అందరూ అలాగే కొంటున్నారట, ఇంట్లో కూర్చుని వేలితో గీకి. నేను మాత్రం పిడి ఊడదీసి, లోపలి తుప్పును దగ్గరగా ఫోటో తీయించమని చాలా గంభీరంగా చెప్పాను. ఆ మాట వినగానే మంచం మీద మామా నవ్వడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతున్నా ఆపలేదు. ఇంకా తుప్పు దగ్గరే ఉన్నావా అని హిందీలో అడిగింది. ఆ నవ్వు అర్థం కావాలంటే ముందు నా కత్తుల చదువు గురించి చెప్పాలి.

మాది కోరుట్ల దగ్గర ఊరు. ఒమన్ పోయింది కంపెనీ వీసా మీద, కట్టడాల పనికి. ఆ సైట్ అయిపోయాక సాలిం నన్ను తన దగ్గరికి తీసుకున్నాడు. మేం ఆయన్ను అర్బాబ్ అనేవాళ్ళం, యజమాని అని. బార్కాలో సముద్రానికి కాస్త ఎడంగా ఖర్జూరపు తోట, తోటలో ఇల్లు, ఇంటి వెనుక మోటారు షెడ్డును ఆనుకుని మా రూమ్. రూమ్‌లో నేనూ, తోట చూసే రాజన్నా. రాజన్నది మెట్‌పల్లి వైపు, నాకన్నా చాలా పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు. ఆ ఇంట్లో టైము వాసనలతో తెలిసేది. మొదట తడిసిన ఖర్జూరపు మట్టల వాసన, అంటే రాజన్న నీళ్ళు వదిలాడన్నమాట. తర్వాత వేగుతున్న కాఫీ గింజలు, దంచిన ఏలకులు. ఆ తర్వాత మామా బట్టలకు పట్టించే ధూపం. ఎండెక్కేసరికి వీటన్నిటినీ తొక్కేసి మా రూమ్ నుంచి రాజన్న పచ్చిపులుసు లేచేది. మామాది అల్ సువైక్ అనే ఊరు, బలూచీ కుటుంబం, హిందీ ధారాళంగా వచ్చు. వంటింటి కిటికీ లోపల ఆమె, బయట రాజన్న, బెండకాయల గురించీ మేకల గురించీ పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్ళు. రాజన్నకు ఒక జబ్బుండేది. ఏది కనబడితే అది తోమడం. దేవుడి పటం ముందుండే చిన్న ఇత్తడి దీపాన్ని శుక్రవారం శుక్రవారం చింతపండూ బూడిదా పెట్టి తోమి, అందులో మొహం చూసుకుని తల దువ్వుకునేవాడు. అది చూసి మామా తన ఇత్తడి కాఫీ కూజాలన్నీ అతని ముందు దింపేసింది. అద్దంలా చేసి ఇచ్చాడు.

అర్బాబ్‌కు కత్తుల పిచ్చి అంటించింది సాటో అనే జపాన్ ఇంజనీరు. సూర్‌లో గ్యాస్ ప్లాంట్ కట్టే రోజుల్లో ఇద్దరూ కలిసి పనిచేశారు. ఆయన తర్వాత ఒకసారి చుట్టపుచూపుగా వచ్చి, కాగితాలన్నీ సరిగ్గా చేయించిన ఒక పొట్టి కత్తి కానుకిచ్చి, దాన్ని ఎలా చూడాలో నేర్పి వెళ్ళాడు. చదువు అర్బాబ్‌కు. నేను దీపం పట్టుకోవడానికి. దీపం పట్టుకున్నవాడికీ కళ్ళుంటాయి గనుక నాకూ వచ్చింది. కత్తిని చేతిలోకి తీసుకునే ముందు దానికి వంగి నమస్కారం పెట్టాలి. వేలు తగలకూడదు, తెల్లటి గుడ్డ మీదే ఆనించుకోవాలి. నోరు తెరవకూడదు, ఊపిరి తడి తగిలినా ఇనుము పాడవుతుంది. మా అర్బాబ్ మెలకువగా ఉండి మాట్లాడకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే. చూడడం అయిపోయాక పట్టు గుడ్డ బంతితో మెత్తటి రాతిపొడి అద్ది, తుడిచి, లవంగ నూనె పూయాలి. మూత తీయగానే నాకు మా మేనత్త పన్నునొప్పి గుర్తొచ్చి నవ్వాగలేదు. అంత పేరున్న ఆయుధం మా అత్త దవడ వాసన వేయడమేమిటి? సాటో గారు నవ్వును కూడా ఊపిరి కిందే జమకట్టి నన్ను గోడ దాకా జరిపాడు.

కత్తిని చూడడానికి ఒక వరస ఉంది. మొదట చేయి చాచి నిలువుగా పట్టుకుని ఆకారం చూడాలి. వంపు పిడి దగ్గర ఉందా, నడుమ ఉందా అన్నదాన్ని బట్టి ఏ కాలపుదో కొంత తెలుస్తుంది. తర్వాత బల్బుకు ఏటవాలుగా పట్టి ఇనుములో, కలప మీద ఉన్నట్టు కనబడే చారలు చూడాలి. ఆ పైన పదును వెంట సాగే తెల్లటి గీత. గిన్నెలో పాలు పొంగి దిగినచోట మిగిలే గీతలా ఉంటుంది అది. అన్నీ అయ్యాక వెదురు మేకు తోసి పిడి ఊడదీయాలి. పిడి లోపల దాగే ఇనుప ముక్కను మేం తోక అనేవాళ్ళం. దాని మీద చేసినవాడి పేరు చెక్కి ఉండొచ్చు. ఆ పేరును అన్నిటికన్నా చివర నమ్మాలి, ఎందుకంటే పేరు చెక్కడానికి ఉలి ఒక్కటుంటే చాలు అన్నాడు సాటో గారు. నమ్మాల్సింది తోకకు పట్టిన తుప్పును. మిగతా కత్తంతా ఎంత మెరిపించినా తోకను మాత్రం ఎవరూ ముట్టుకోరు. తరతరాల తుప్పు నల్లగా, మెత్తగా, ఎండిన బెల్లం పాకంలా పట్టి ఉంటుంది. అదే కత్తి జాతకం. ఎవడైనా శుభ్రం చేశాడా, ఇక ఆ కత్తిని కూరగాయలకు వాడుకోవచ్చు.

ఆయన విమానం ఎక్కాడో లేదో మేమిద్దరం పండితులమైపోయాం. అర్బాబ్ వంటింట్లోంచి మామా చేపల కత్తిని తెచ్చి తెల్లగుడ్డలో పెట్టుకుని బల్బు కింద పరీక్షిస్తుంటే, చేప పాడైపోతోందని ఆమె వచ్చి లాక్కుపోయింది. మస్కట్ నుంచి బొమ్మల పుస్తకాలు వచ్చాయి, తర్వాత ఒకటీ ఒకటీ కత్తులు. నాకు కత్తి కొనే స్తోమత లేదు గనుక, పిడికీ కత్తికీ నడుమ అడ్డుగా ఉండే ఇనుప బిళ్ళలు పోగుచేశాను. వాటిలో ఒకటి ఇప్పుడు మా ఇంట్లో అగరుబత్తీ స్టాండు. మా ఆవిడ ఆ నాలుగొందల ఏళ్ళ రంధ్రంలో పుల్ల సరిగ్గా పడుతుందని మెచ్చుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువ పోగుచేసింది మాత్రం గొప్పలు. తుప్పు మహిమను రూమ్‌లో, మోటారు దగ్గర, వంటింటి కిటికీ కిందైతే గొప్పకు హిందీలో, ఎక్కడ పడితే అక్కడ రాజన్నకు దంచాను. తుప్పు పోతే కత్తి పోయినట్టే, ఎంత పెద్ద కత్తినైనా ఎవడూ ముట్టుకోడు అని. "తుప్పుకు మొక్కుడేంది తమ్మీ, మా దిక్కైతే గీకి పారేస్తరు" అనేవాడు రాజన్న.

అలాంటి రోజుల్లో దుబాయ్ నుంచి ఒక వ్యాపారి దిగాడు. అత్తరు, ఇస్త్రీ మడతలు, మాటకు ముందు చిరునవ్వు. పొడుగు కత్తి ఒకటి తెచ్చి, అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్‌లో పరుపు మీద పరిచాడు. దాని తోక మీద మా పుస్తకాల్లో మొదటి పేజీల్లో కనబడే పేరుంది. మేమిద్దరం నమస్కారం పెట్టి, నోళ్ళు మూసుకుని, వరస తప్పకుండా అన్నీ చూశాం. ఆకారం బాగుంది, చారలు బాగున్నాయి, తుప్పు నల్లగా నిగనిగలాడుతోంది. నిజానికి మేం ఆ పేరు చూశాకే మిగతావన్నీ చూశాం. అసలుదే అని ఇద్దరం తేల్చేశాం. వ్యాపారి డబ్బు అడగలేదు. గోడకు వేలాడుతున్న ఖంజర్ అడిగాడు. పెళ్ళికీ పండగకీ ఒమనీ మగవాళ్ళు నడుముకు కట్టుకునే వంపు బాకు అది, ఒర నిండా వెండి తీగ పని. కత్తి ఇక్కడే ఉంచుతాను, నిదానంగా చూసుకోండి, వారం తర్వాత వచ్చి బాకు తీసుకుపోతాను అని వెళ్ళాడు.

ఆ ఖంజర్ మామా నాన్నది. ఆయనకు మగపిల్లలు లేరు. పెళ్ళిరోజు అల్లుడి నడుముకు తన చేతుల్తో కట్టి, నా మనవడికి అందించమన్నాడట. ఆయన పోయి అప్పటికి కొన్నాళ్ళయింది. నాకిచ్చింది నాది, నా ఇష్టం అని అర్బాబ్ వాదన. మామా అరవలేదు, ఏడవలేదు. బద్ర్ పెళ్ళికి ఏం కడతావు, ఆ పొడుగు కత్తా, కాళ్ళకడ్డం పడి వధువు ముందు బోర్లా పడతాడు అని ఒక్కసారే అంది. ఆ మర్నాటి నుంచి మజ్లిస్‌కు ఏలకులు లేని కాఫీ వచ్చింది. అర్బాబ్ ఆ చేదు నీళ్ళు తాగుతూనే కత్తి పొగడ్తలు మానలేదు. ఆయన మాట ఇచ్చేశాడనీ, ఇక వెనక్కి పోడనీ మాకందరికీ తెలుసు. నాకు మామాను చూస్తే జాలేసేది, కత్తిని చూస్తే జాలి మరిచిపోయేవాణ్ణి.

వ్యాపారి రావలసిన రోజుకు ముందురోజు దసరా. దసరాకు ఊళ్ళో ఏ ఆకును బంగారమని చేతుల్లో పెట్టుకుంటామో ఆ జమ్మి ఒమన్‌లో అడుగడుగునా ఉంటుంది. అక్కడివాళ్ళు గాఫ్ అంటారు. మా తోట వెనకాల పెద్దదే ఉండేది, అర్బాబ్ ఒంటెల నీడకని వదిలేశాడు. ఏటా రాజన్న దాని కింద చాప పరిచి పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి ఆయుధపూజ చేసేవాడు. కొడవళ్ళు, గడ్డపార, మట్టలు నరికే కత్తులు, చివరికి మోటారు స్పానర్లు. అర్బాబ్ ఎప్పుడూ వద్దనలేదు, పూజయ్యాక కొబ్బరి ముక్కలకు చేయి చాచేవాడు కూడా. ఆ రోజు మేమిద్దరం కత్తికి చెక్కపెట్టె చేయించడానికి మస్కట్ పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. చాప మీద అన్నీ తీర్చిదిద్ది ఉన్నాయి. గడ్డపారకూ కొడవళ్ళకూ నడుమ దుబాయ్ కత్తి పడుకుని ఉంది. పిడి పక్కన పెట్టి ఉంది. తోక కొత్త తలుపు గడియలా తళతళలాడుతోంది, దాని మీద చక్కటి కుంకుమ బొట్టు. పక్కనే బకెట్టు, చింతపండు పిప్పి. రాజన్న చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

అర్బాబ్ ఇసుకలో కూలబడ్డాడు. రాజన్న తనకొచ్చిన హిందీలో, కత్తి పెట్టిన అల్మారా తెరిచే ఉందనీ, ఆయుధాలన్నిటికీ పూజ చేస్తూ దీన్నొక్కదాన్నే వదిలితే పాపమనీ, తోక మురికిగా ఉంటే కడిగాననీ చెప్పాడు. అర్బాబ్ అతని వైపు చూడకుండా నాతో అన్నాడు: "వీణ్ణి సామాను సర్దుకోమను. రేపే టికెట్." గొంతు పెంచకుండా అన్నాడు గనుక అది నిజమని ఇద్దరికీ అర్థమైంది. రాజన్న మొహం పాలిపోయింది. కూతురి పెళ్ళి కుదిరిన ఏడాది అది. అయినా ఇంకో మాట అనలేదు, వంగి కొడవళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. వంటింటి కిటికీలో మామా కనబడింది. ముసుగు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. భయపడిందనుకున్నాను.

అప్పుడు నా కళ్ళు బకెట్టు మీద పడ్డాయి. నీళ్ళు తుప్పు రంగులో లేవు, పూసిన రంగేదో కరిగినట్టు చిక్కటి టీ డికాషన్‌లా ఉన్నాయి. తోకను గుడ్డతో ఎత్తి ఎండకు ఏటవాలుగా పట్టాను. తరతరాల తుప్పు ఇనుమును తిని గుంటలు పెడుతుంది. పైపొర పోయినా గుంటలు పోవు. ఇక్కడ ఒక్క గుంట లేదు. సానచక్రం గీతలు మాత్రం తిన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. పేరులోని అక్షరాల అంచులు వేలికి గుచ్చుకునేంత కొత్తగా ఉన్నాయి. అర్బాబ్‌కు చూపించాను. ఆయన లేచి లోపలికి పోయి సాటో గారిచ్చిన పొట్టి కత్తి తెచ్చి, పిడి ఊడదీసి, నమస్కారమైనా పెట్టకుండా, మిగిలిన చింతపండుతో దాని తోక చివర తనే రుద్దాడు. గుండె రాయి చేసుకుని రుద్దాడని నాకు తెలుసు. చింతపండు నల్లబడింది. తుప్పు కదల్లేదు. మళ్ళీ రుద్దాడు. కదల్లేదు. కత్తి కింద పెట్టి, రాజన్న చేతిలోని కొడవళ్ళు తీసి చాప మీద తిరిగి పేర్చాడు.

మర్నాడు వ్యాపారి వచ్చి తోక చూడగానే కత్తిని నాశనం చేశారని గొంతు చించుకున్నాడు. మాకు తప్పు ఒప్పుకునే ఓపిక ఉంది, పోలీసుల ముందు ఒప్పుకుంటాం పద అన్నాడు అర్బాబ్. ఆ మాటకు అతను కత్తిని దుప్పట్లో చుట్టుకుని, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా పోయాడు. పోయినవాడి నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. ఖంజర్ గోడ మీదే ఉంది. కాఫీలోకి ఏలకులు తిరిగొచ్చాయి. మీ దేవుడే వీడి బుర్రలో దూరి నా ఇల్లు కాపాడాడని అర్బాబ్ వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. నేనేమో చింతపండు రాజన్న అని పేరు పెట్టి, ఆ కథను బార్కా నుంచి కోరుట్ల బస్టాండు దాకా చెప్పాను. అతని కూతురి పెళ్ళిలో వియ్యాలవారి ముందు కూడా, అమాయకంగా చేతులు తుడుచుకునే ఆ వాలకం పట్టి చూపించి మరీ చెప్పాను. అందరితో పాటు రాజన్నా నవ్వాడు.

ఇదంతా ఆస్పత్రి గదిలో నేను మళ్ళీ బద్ర్‌కు వినిపించబోయాను. ఆ తోట ఇప్పుడు సగం లేదట, ఈతకొలనులున్న అద్దె బంగళాలు వచ్చాయట. మా మోటారు షెడ్డు ఉన్నచోట పిల్లలు వీడియోలు తీసుకుంటున్నారట. గాఫ్‌ను మాత్రం నరకలేదు. నేను చింతపండు దాకా వచ్చేసరికి మామా చెయ్యెత్తి ఆపింది. అర్బాబ్ బతికున్నంత కాలం చెప్పకూడదనుకున్నాను, ఇక ఫరవాలేదంది. అల్మారా తాళం ఇచ్చింది తనే. పిడి ఊడదీసి పెట్టింది తనే. తుప్పు పోతే కత్తి పోయినట్టే అని నేను కిటికీ కింద అరిచి అరిచి చెబుతుంటే శ్రద్ధగా విన్నది కూడా తనే.

"అది నకిలీదని నాకేం తెలుసు?" అంది మామా. "అసలుదే అనుకున్నాను. అసలుదాన్ని పాడుచేద్దామనే తోమించాను."

మీ నాన్నను అంత మోసం చేశానురా అని కొడుకు వైపు చూసి, మళ్ళీ నవ్వబోయి, ఈసారి నవ్వలేకపోయింది. తన ఫోన్‌లో ఒక ఫోటో తీసి నాకిచ్చింది. బద్ర్ పెద్దకొడుకు పండగ రోజు ఆ ఖంజర్ కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఫోటో తిరిగిచ్చేసి అక్కడే రాజన్నకు ఫోన్ చేశాను. అతను ఇప్పుడు మెట్‌పల్లిలోనే ఉంటాడు, మనవలతో. మామా అంతా చెప్పిందన్నాను. ఓహో, చెప్పిందా అన్నాడు, ఎప్పుడో కోసిన పంట గురించి అడిగినట్టు.

"గిన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలే అన్నా?"

"చెప్పొద్దన్నది. సరే అన్న."

"ఆ దినం నిన్ను ఇంటికి పంపుతుండె గదా. అప్పుడన్న చెప్పొద్దా?"

"నన్ను ఎల్లగొడితే నేను నా ఇంటికొస్త తమ్మీ. ఆమెను ఎల్లగొడితే యాడికి పోతది? నాయన గూడ లేకపాయె."

వియ్యాలవారి ముందు నేను పట్టిన వాలకం, దానికి అతను నవ్విన నవ్వు రెండూ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. సిగ్గేసింది. ఏదో అనబోయాను గానీ, ఫోన్ ఇలా ఇమ్మని మామా చెయ్యి చాచింది. ఇద్దరూ వాళ్ళ పాత భాషలో, సగం హిందీ, సగం అరబ్బీ, బెండకాయల దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ దాకా మాట్లాడుకున్నారు. చివర్లో ఆమె పగలబడి నవ్వేసరికి, ధూపం అనుకుందో ఏమో, సిస్టర్ పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది. మామా ఆ సిస్టర్ వైపు నేరుగా చూసింది, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నాతో అంది:

"ఇంకేమైనా తోమేది ఉందా అని అడుగుతున్నాడు."